సున్నం గీత మీద బోరు: నల్గొండ నుంచి అచ్చంపేట దాటి ఒక ఆదివారం

ఆ ఉదయం మా గదిలో చీమలు ఒక రబ్బరు తునకను మోసుకుపోతున్నాయి. మట్టిలోంచి తీసిన గాలిని నింపే చిన్న సీసాలకు రబ్బరు మూతలుంటాయి. సూది గుచ్చినప్పుడల్లా వాటి నుంచి కొంచెం రాలుతుంది. తినడానికి పనికిరాని దాన్ని అంత శ్రద్ధగా ఎక్కడికి తీసుకుపోతున్నాయో అని కాసేపు చూశాను. తర్వాత చెప్పులు వేసుకుని నల్గొండ బస్టాండుకు నడిచాను. రాత్రి సరిగా నిద్రపట్టలేదు. కోపం వస్తే నాకు నిద్ర రాదు.

ఈ బ్లాగులో ఇంతవరకు కోటల గురించీ చెరువుల గురించీ రాశాను. ఈసారి ఏదో చూడడానికి వెళ్లలేదు. ఒక రైతు చేనులో పడబోతున్న బోరును ఆపడానికి వెళ్లాను. ఇలాంటి క్షేత్ర పనికి వెళ్లబోయేవాళ్లకూ, నల్గొండ నుంచి అచ్చంపేట వైపు బస్సుల్లో వెళ్లాలనుకునేవాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మా పనేమిటో ముందు చెప్పాలి. భూమి లోతుల్లో రాయి వేడిగా ఉంటుంది. ఆ వేడితో కరెంటు తీయవచ్చా అని వెతుకుతున్నారు. గోదావరి వైపు బోరు వేస్తే వేడినీళ్లు ఉబికిన చోట్లున్నాయి. దక్షిణాన మన గ్రానైటు నేలల్లో పైకి ఏమీ కనబడదు. అందుకని మట్టిలో దాగిన గాలిని పరీక్షిస్తాం. మీటరు లోతుకు సన్నని ఇనుప గొట్టం దిగగొట్టి, సిరంజితో గాలి లాగి, అందులో కార్బన్ డయాక్సైడ్, రేడాన్, హీలియం ఎంతెంత ఉన్నాయో కొలుస్తాం. కింద రాయి పగిలి, ఆ పగులు లోతైన వేడి దాకా పోయి ఉంటే అక్కడ ఈ మూడూ ఎక్కువగా పైకి వస్తాయి. మూడూ కలిసి రావాలి. కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే పెరిగితే లెక్కలోకి రాదు. చెట్ల వేళ్లు, కుళ్లిన ఆకులు, పేడ, అన్నీ దాన్ని వదులుతాయి. నల్గొండలో అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో ఈ కొలతలు చూసేది నేను. పొలాలకు వెళ్లేది మిగతా జట్టు. నాకు అలాగే ఇష్టం. యంత్రం ముందు కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

అచ్చంపేట చుట్టుపక్కల ఊళ్లలో గొట్టాలు, మీటర్లు పట్టుకుని దిగినవాళ్లను జనం మొదట అడిగేది యురేనియం గురించే. నల్లమలలో యురేనియం తవ్వుతారన్న మాట ఇక్కడ అందరూ విన్నదే, ఆ భయాన్ని నేను తప్పుపట్టను. రేడాన్ పుట్టేది యురేనియం నుంచే, ఆ మాట చెవిన పడితే పొలంలో అడుగుపెట్టనివ్వరు. కూర్చుని వివరించి చెప్పాలి, దానికి రోజులు పడతాయి. మా సూపర్‌వైజర్ ప్రభాకర్ గారు అంతకంటే తేలికైన ఉపాయం కనిపెట్టారు. నీళ్ల సర్వే అని చెప్పమన్నారు. నీళ్లంటే ఎవరూ కాదనరు. మంచం వాల్చి కూర్చోబెడతారు, టీ ఇస్తారు, దారికి అడ్డంగా ఉన్న కంప తీసి పక్కన వేస్తారు.

ఆపైన సున్నం. మళ్లీ వచ్చి కొలవాల్సిన చోటు గుర్తుండడానికి మావాళ్లు నేల మీద సున్నంతో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీత గీసి మధ్యలో రాయి పెడతారు. సున్నం గీతల మధ్య రాయి అంటే ఏమిటో ఈ ప్రాంతంలో ఎవరినైనా అడగండి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగే పెద్దమనిషి, అది లేచి నిలబడ్డ చోట పెట్టే గుర్తు ఇదే. బోరు ఇక్కడ వెయ్యి అని అర్థం. మావాళ్లు నీళ్ల సర్వే అని చెప్పారు, బోరు గుర్తు వేశారు, జీపెక్కి వచ్చేశారు. ఇలాంటి తప్పు చేయడానికి చదువుండాలి.

శనివారం సాయంత్రం మా జీపు డ్రైవరు యాదగిరి టీ తాగుతూ నవ్వుతూ చెప్పాడు, ఖాజామియా మన గీత మీదనే బోరు వేయిస్తున్నాడని, రేపు మధ్యాహ్నమే బండి వస్తుందని. ఖాజామియా చేను అచ్చంపేట దాటాక కొల్లాపూర్ వైపు ఒక ఊళ్లో ఉంది. ఊరి పేరు రాయను. పని మొదలైన కొత్తలో గొట్టం దించడం చూద్దామని నేనూ ఒకసారి జట్టుతో వెళ్లాను. ఖాజామియా భార్య రజియమ్మ మా అందరికీ అన్నం పెట్టింది. వాళ్ల పాత బోర్లన్నీ ఎండిపోయాయి. ఈ కొత్త బోరు కోసం పాలిచ్చే బర్రెను అమ్ముతున్నారని, బోరు దించిన సాయంత్రమే కొన్నవాళ్లు తోలుకుపోతారని యాదగిరి చెప్పాడు. ఆ ఇంట్లో రోజూ చేతికి పైసలొచ్చేది ఆ బర్రె పాల మీదే.

నేను లోపలికి వెళ్లి కొలతలు మళ్లీ చూశాను. ఆ చేనులో కార్బన్ డయాక్సైడ్ చాలా ఎక్కువ. రేడాన్, హీలియం మామూలే. ప్రభాకర్ గారు పటంలో ఆ చోటుకు ఎర్ర రంగు వేయించారు, ఎర్రచుక్కలుంటే పని ఇచ్చినవాళ్లు సంతోషిస్తారు కాబట్టి. నాకు మాత్రం ఎరువు అనే అనుమానం. ఏదైనా కావచ్చు, నీళ్లతో మాత్రం దానికి ఏ సంబంధమూ లేదు. ప్రభాకర్ గారికి ఫోన్ చేసి, ఖాజామియాకు ఒక్క మాట చెప్పమని అడిగాను. సోమవారం మాట్లాడదామన్నారు. బండి ఆదివారం వస్తోందన్నాను. సోమవారం మాట్లాడదామని మళ్లీ అన్నారు. ఖాజామియా నంబరు యాదగిరి దగ్గర లేదు, ఉన్నా నేను ఫోన్‌లో సరిగా చెప్పలేను. మా కాన్వెంటులో సిస్టర్లు అబద్ధం చెప్పొద్దన్నారు, పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దన్నారు. రెండూ ఒకే రోజు ఎలా కుదురుతాయో చెప్పలేదు.

నల్గొండ నుంచి దేవరకొండకు పొద్దున్నే పల్లెవెలుగు దొరుకుతుంది. ఆడవాళ్లకు టికెట్టు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు ఇస్తాడు. కిటికీ పక్కన సీటు కావాలంటే ఏడింటికి ముందు బస్సు ఎక్కండి. దారిలో బత్తాయి తోటలు, తర్వాత ఎర్రనేల, గుండ్లు, మళ్లీ ఎర్రనేల. తొలకరి ఒకసారి పడి ఆగిపోయింది. పత్తి మొలకలు రెండాకుల దగ్గరే ఆగి ఉన్నాయి. సుమారు రెండు గంటల ప్రయాణం. సంచిలో పుస్తకం ఉంది కానీ తెరవలేదు. ఖాజామియాతో ఏం చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. ప్రతి వాక్యమూ మా తప్పుతోనే మొదలవుతోంది.

దేవరకొండ బస్టాండు బయట ఒక చిన్న హోటల్లో ముప్పై రూపాయలకు పూరీ తిన్నాను. పూరీలు వేస్తున్నావిడ నా ప్లేటు వైపు చూసి, "ఎవరి మీద కోపమమ్మా, పూరీని గట్ల చింపుతున్నవ్?" అంది. మా సార్ మీద అన్నాను. ముందు తినమంది, ఖాళీ కడుపుతో కోపానికి బలముండదంది. ఇంకో పూరీ వేసి దానికి పైసలు తీసుకోలేదు. ఆదివారం డిండి వైపు బస్సులు తక్కువ. గంటకు పైగా నిలబడ్డాను. మీరు తొందరలో ఉంటే ఆదివారం ఈ దారి పెట్టుకోకండి. డిండిలో దిగితే శ్రీశైలం రోడ్డు మీద అచ్చంపేట బస్సులు దొరుకుతాయి, హాజీపూర్ చౌరస్తా దగ్గర తిరిగి ఊళ్లోకి పోతాయి. డిండి ప్రాజెక్టు చూడదగ్గ చోటే. కట్ట మీద గాలి బాగుంటుందని, చేపల వేపుడు బాగుంటుందని విన్నాను. నేను రెండూ చూడలేదు. బస్సు అప్పుడే కదులుతుంటే పరుగెత్తి ఎక్కాను.

అచ్చంపేటలో దిగేసరికి పదకొండు దాటింది. ఊరి ఆటో మనిషికి నలభై. నేను తప్ప మిగతావాళ్లంతా దారిలోనే దిగిపోయారు. ఖాజామియా ఇంటికి అని చెప్పగానే డ్రైవరు అద్దంలో నన్ను పరీక్షగా చూశాడు.

"నీళ్ల సర్వే మేడమ్‌వా? మా నాయిన చేన్ల గూడ ఒక గీత గియ్యరాదక్కా. కిరాయి గూడ తీసుకోను."

అది నీళ్ల సర్వే కాదని చెప్పాను. భూమిలో వేడి కోసం చూస్తున్నామని, సున్నం గుర్తులు మా కోసం వేసుకున్నవేనని చెప్పాను. నాలుగు వాక్యాలకు నాకు చెమట పట్టింది. అతను నవ్వాడు. "గట్లనే అంటరు తీ. మంచి జాగ దొరికితే పెద్దోళ్ల చెవుల చెప్తరు, మాకేమో వేడి, గాలి అంటరు." దారి పక్కన ఒక మెట్ట చెలకలో మావాళ్ల గీత కనిపించింది. రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ ఉంచారు. ఇంకో చోట రాయి చుట్టూ ముళ్లకంప, పశువులు తొక్కకుండా. ఎన్ని ఊళ్లలో ఎన్ని గీతలు గీశామో ఆ క్షణంలో లెక్కవేయడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఊరి మొదట్లోనే బోరు బండి ఆగి ఉంది, తమిళనాడు నంబరు. దాని కింద నీడలో పనివాళ్లు పడుకున్నారు. చేనుకు పరుగులాంటి నడకతో వెళ్లాను. ఖాజామియా గీత పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. రాయి దగ్గర ఊదుబత్తీలు అయిపోయి పుల్లలు మిగిలాయి. రజియమ్మ గట్టు మీద ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టి, ఒక్కదానివే వచ్చినవా, తిన్నవా అని అడిగింది. మంచి సమయానికి వచ్చినవన్నాడు ఖాజామియా, నీ చేత్తో మొదలుపెట్టమన్నాడు. బస్సులో కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"చాచా, ఇక్కడ బోరు వెయ్యొద్దు," అన్నాను. "ఈ గీత నీళ్లది కాదు. మావాళ్లు మీకు అబద్ధం చెప్పారు."

అతను నవ్వబోయి ఆగాడు. తర్వాత అతనికి కోపం వచ్చింది. అది న్యాయమైన కోపం, నాకంటే వెయ్యి రెట్లు హక్కున్న కోపం. మీరే నీళ్ల సర్వే అని వచ్చిన్రు, మీరే సున్నం గీసి రాయి పెట్టిన్రు, గిప్పుడు బండొచ్చినాక కాదంటున్నరు, పక్క చేను పటేల్‌కు నీళ్ల జాగ ఇయ్యాలని చూస్తున్నరా అని అడిగాడు. నేను కాదని చెప్తూనే ఉన్నాను. గాలి ఎక్కువ వచ్చిన మాట నిజమే, ఆ గాలి కుళ్లిన ఎరువు నుంచి కూడా వస్తుందని చెప్పి, ఇక్కడ పేడ కుప్ప గాని ఉండేదా అని అడిగాను. కుప్ప లేదన్నాడు. రజియమ్మ గట్టు మీది నుంచే అంది:

"కుప్ప లేదు గని, ఎండకాలం గొర్ల మంద పెట్టించినం గదా గీడనే. మల్ల యాదికి లేదా నీకు? కురుమోళ్ల కుక్క నీ చెప్పు ఎత్తుకపోలే?"

ఇక్కడ కోతలయ్యాక గొర్రెల కాపరులను పిలిచి, రాత్రిళ్లు మందను చేనులో పడుకోబెట్టించుకుంటారు. ఎరువు నేలలో దిగుతుంది, కాపరులకు గింజలో పైసలో ఇస్తారు. మంద ఎక్కడ పండిందని అడిగితే రజియమ్మ చేయి చాపి చూపించింది. సరిగ్గా గీత చుట్టూ. దాని మీద వాన పడింది. ఆ వారంలోనే మావాళ్లు గొట్టం దించారు. పటంలో ఎర్రగా వెలుగుతున్న చుక్క గొర్రెల ఎరువు. నాకు సంతోషం కలగలేదు. మరింత మండింది. నాతో సహా జట్టులో ఒక్కరైనా ఆ రోజు ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది. అడగాలంటే ముందు నిజం చెప్పాలి, అందుకే అడగలేదు.

ఖాజామియా ఇంకా నమ్మలేదు. మీ పెద్దసారుతో చెప్పించు అన్నాడు. నేను ఫోన్ చేసి స్పీకరు పెట్టాను. స్పీకరులో ఉందని ప్రభాకర్ గారికి చెప్పలేదు. అది మర్యాద కాదని నాకు తెలుసు. ఆయన ముందు ఆదివారం అక్కడికి ఎందుకు వెళ్లావని నన్ను కోప్పడ్డారు. ఊరు చెడగొట్టొద్దన్నారు, ఇంకా రెండు వారాల పని ఉందన్నారు. ఖాజామియా ఇంట్లో బర్రెను అమ్ముతున్నారని చెప్పాను.

"చూడమ్మా, నీళ్లు పడవని నువ్వు మాత్రం ఎట్లా చెప్తావు? ఎక్కడేసినా లాటరీయే. పడితే మన పేరు చెప్పుకుంటారు."

"పడకపోతే సార్?"

"పడకపోతే వాళ్ల నసీబు. మనమేమైనా బోరు వేయమని రాసిచ్చామా?"

ఫోన్ పెట్టేశాను. రజియమ్మ లేచి వచ్చి ఊదుబత్తీ పుల్లలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. ఖాజామియా కాలితో సున్నాన్ని చెరిపాడు, మెల్లగా మొదలుపెట్టి, తర్వాత మట్టి లేచేలా. అప్పుడు బోరు ఏజెంటుకు ఫోన్ చేసి బండి వద్దన్నాడు. అవతల ఏజెంటు తిడుతున్నది నాకు వినబడింది. ఖాజామియా బదులు తిట్టలేదు. ఒకటికి రెండుసార్లు వద్దని చెప్పి పెట్టేశాడు.

నేను వచ్చిన పని అయిపోయింది. వెళ్తానని లేచాను. అతను నన్ను ఆపి అడిగాడు.

"మరి నీళ్లేడున్నయ్ బిడ్డా?"

"నాకు తెలియదు చాచా. మా యంత్రానికీ తెలియదు."

"తెల్వదని చెప్పెతందుకు గింత దూరమొచ్చినవా?"

అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఔనన్నాను. రజియమ్మ మధ్యలో కల్పించుకుని, "పోనీ తియ్. తెల్వదన్నోళ్లు ఇప్పటిదాంక ఒక్కరన్న వచ్చిన్రా?" అంది. ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. బర్రె వాకిట్లోనే ఉంది, నేను తింటున్నంతసేపూ నా వైపు చూస్తూ నమిలింది. కొన్నవాళ్లకు ఏం చెప్పాలో మొగుడూ పెళ్లాం అక్కడే వాదించుకున్నారు. ఒక సాకు చెప్పుదామని ఖాజామియా, ఉన్నది ఉన్నట్టు చెప్పమని రజియమ్మ.

తిరుగు ప్రయాణానికి మూడింటికల్లా అచ్చంపేటలో ఉండాలి, లేకపోతే డిండి దగ్గర దేవరకొండ బస్సు తప్పిపోతుంది. నాకు తప్పింది. కల్వకుర్తి మీదుగా చుట్టు తిరిగి వెళ్లమని డిండిలో టీ కొట్టాయన సలహా ఇచ్చాడు. ఇంకో గంట చూసి, చివరికి దేవరకొండ పోయే జీపులో యాభై ఇచ్చి, మిరపనారు బుట్టల మధ్య కూర్చుని వెళ్లాను. నల్గొండ చేరేసరికి చీకటి పడింది.

సోమవారం ప్రభాకర్ గారు జట్టు అందరి ముందు నన్ను మందలించారు. జీవితంలో మొదటిసారి నేను తల దించుకోలేదు. గొర్రెల మంద సంగతి చెప్పాను, ఎర్రచుక్క తీసేయమన్నాను, గీతలు గీసిన ప్రతి చేనుకూ వెళ్లి చెరిపి నిజం చెప్పాలన్నాను. ఆ తర్వాత సున్నం మానేశారు. నీళ్ల సర్వే అనే మాట మానలేదు. భూమి అడుగున ఉన్న వేడిని మంచి పని కోసమే వెతుకుతున్నాం, పొగ లేని కరెంటు కోసం. అంత మంచి పనికి ఇంత చిన్న అబద్ధం ఎందుకు కావాలని ఇన్ని రోజులుగా ఆలోచిస్తున్నాను. నాకు దొరికిన జవాబు ఒకటే. నిజం చెప్పాలంటే ఆ మంచం మీద ఇంకో గంట కూర్చోవాలి, వాళ్ల భయాన్ని వినాలి, మాకు తెలియనిది తెలియదని ఒప్పుకోవాలి. ఆ గంట మిగుల్చుకోవడానికి ఒక ఇంటి బర్రెను పణంగా పెట్టాం. అది లెక్క తప్పడం కాదు, పొరపాటూ కాదు. దాన్ని నేను ఇంకా క్షమించలేదు. క్షమించాల్సిన తొందర కూడా నాకు కనిపించడం లేదు.

మీరు ఇటువైపు మట్టి గాలి కొలతల పనికి వస్తే, గుర్తులకు సున్నం, రాళ్లు వాడకండి. సన్నని కర్రకు నీలం ప్లాస్టిక్ రిబ్బను కట్టి పాతండి, పని అయిన రోజే పీకేయండి, ఆ చేనులో మంద ఎప్పుడు పండిందో అడిగి రాసుకోండి.

తర్వాతి వారం ఖాజామియా తూర్పు గట్టు దగ్గర, కొబ్బరికాయ లేచిన చోట, బోరు వేయించాడు. దుమ్మే వచ్చింది.